రెన్ ఫెయిర్ డ్రెస్సుకి మఖమల్ పట్టీయా, కొన్న లేసా, పాత పట్టుచీర అంచా?

ఆగస్టు వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకే రకం ఫొటోలు వస్తుంటాయి. ఎవరో బట్టల కొట్లో నిలబడి, నిగనిగలాడే బ్రొకేడ్ తాను మీద చెయ్యి పెట్టి, "అక్కా, ఇది బావుంటుందా?" అని అడుగుతారు. హ్యూస్టన్‌కి వాయవ్యంగా ఉన్న టాడ్ మిషన్‌లో అక్టోబరు, నవంబరు శనాదివారాల్లో జరిగే టెక్సస్ రెనసాన్స్ ఫెస్టివల్ కోసం ఈ హడావుడంతా. జనం పాతకాలపు యూరప్ వేషాలు కట్టి తిరిగే జాతర అది, 1974లో మొదలైంది. ఇలాంటివాటినే రెన్ ఫెయిర్లు అంటారు. డాలస్ వైపు వాళ్లకి వసంతంలో వాక్సహాచీలో స్కార్‌బరో ఫెయిర్ ఉంటుంది. జీన్స్‌లో వెళ్లినా గేటు దగ్గర ఎవరూ ఆపరు. కానీ ఒక్కసారి వేషం కట్టి ఆ దారుల్లో తిరిగినవాళ్లకి మళ్లీ జీన్స్‌లో వెళ్లబుద్ధి కాదు.

ఈసారి అడిగింది మా అక్క కూతురు. "పిన్నీ, నేను రాణీగారిలా ఉండాలి, బంగారు లేసు బోలెడంత వెయ్యాలి" అంది. చేతిలో ఉన్నది ఆరు వారాలు. మిషన్ మీద జాకెట్లు, లంగాలు కుట్టుకోవడం వచ్చు, అంతకుమించి అనుభవం లేదు. ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, మీలో చాలామంది పరిస్థితి కూడా అదే కాబట్టి.

బట్ట సంగతి తర్వాత. ముందు ఎవరి వేషమో తేల్చుకోండి. చాలా ఫెయిర్లు 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌నే ఊహించుకుంటాయి: ఎనిమిదో హెన్రీ కాలమో, 1558 నుంచి 1603 దాకా ఏలిన మొదటి ఎలిజబెత్ కాలమో. ఆ రోజుల్లో మనిషి అంతస్తు ఒంటి మీది బట్టలోనే తెలిసిపోయేది. 1574లో ఎలిజబెత్ రాణి ఎవరు ఏ బట్ట కట్టవచ్చో చెబుతూ ప్రకటనే చేసింది. ఊదా రంగు పట్టు, బంగారు జలతారు బట్ట దాదాపుగా రాజకుటుంబానికే అని రాయించింది. ఇలాంటి ప్రకటనలు ఆమె కాలంలో పదేపదే వచ్చాయంటేనే జనం ఎంతమాత్రం విన్నారో అర్థమవుతుంది.

దొరసాని వేషమంటే ఒక్క గౌను కాదు. లోపల షిఫ్ట్ అనే పొడుగాటి వదులు చొక్కా, దాని మీద గట్టి పుల్లలు పెట్టి కుట్టిన బాడీ, లంగాని గంటలా నిలబెట్టే వలయాల ఫార్థింగేల్, ఇంకో లంగా, కర్టిల్, పైన గౌను, విడి చేతులు, మెడ చుట్టూ గంజి పెట్టిన మడతల కాలర్, అంటే రఫ్. ఆరు వారాల్లో ఇవన్నీ చెయ్యబోతే అన్నీ సగంసగమే అవుతాయి. ఎండలో నాలుగు గంటలు మొయ్యడం ఇంకో పరీక్ష. పల్లెటూరి ఆడమనిషి వేషం రెండు శనాదివారాల్లో అయిపోతుంది, హాయిగా కూడా ఉంటుంది. కానీ లేసు, అంచుల మీద మనసున్నవాళ్లకి అందులో ఆ ముచ్చట తీరదు.

అందుకే మొదటిసారి కుట్టేవాళ్లకి నేను పట్నం వర్తకుడి ఇల్లాలి వేషమే చెప్తాను. షిఫ్ట్, కర్టిల్, నెత్తిన తెల్ల టోపీ, నడుముకి బెల్టు, అంతే. కర్టిల్ అంటే చేతుల్లేని రవికనీ కుచ్చుల లంగానీ నడుం దగ్గర కలిపి కుట్టినట్టుంటుంది, కాబట్టి మన చేతికి కొత్త పని కాదు. బట్ట సాదాగా ఉన్నా అంచుల మీద ఎంత శ్రద్ధయినా పెట్టుకోవచ్చు. చిత్రకారుడు లూకాస్ డి హీరె 1570లలో గీసిన బొమ్మ ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పట్నపు కలవారి ఆడవాళ్లూ పల్లెటూరి మనిషీ పక్కపక్కన నిలబడి ఉంటారు. కుట్టే ముందు దాన్ని పది నిమిషాలు చూడండి. ఎవరి ఒంటి మీద ఏ అలంకారం ఎక్కడుందో, ఎక్కడ లేదో చూస్తే సగం తికమక పోతుంది.

ఇక షిఫ్ట్. ఒంటికి తగిలేది ఇదే, చెమట పీల్చేదీ ఇదే. దీనికి లినెన్‌ని మించింది లేదు. 60 అంగుళాల పన్నా ఉన్న పల్చటి తెల్ల లినెన్ మూడు గజాలుంటే మామూలు ఒడ్డూ పొడవూ ఉన్నవాళ్లకి సరిపోతుంది. ముక్కలన్నీ దీర్ఘచతురస్రాలే, చంక కింద చదరపు ముక్క పడుతుంది. బడ్జెట్ లేదంటే కాటన్ వాడండి, నేనేమీ అనను. ఇంట్లో సాదా తెల్ల మంగళగిరి కాటన్ ఉంటే ఇంకా మంచిది, చేనేత కాబట్టి నేతలో చిన్నచిన్న ఎగుడుదిగుళ్లు ఉండి లినెన్‌కి దగ్గరగా కనిపిస్తుంది. ఆ కాలపు ఇంగ్లండ్‌లో అచ్చమైన నూలుబట్ట అరుదే. అయినా జనానికి కనబడేది మెడ దగ్గరా ముంజేతుల దగ్గరా నాలుగంగుళాలు. పాలిస్టర్ మాత్రం వద్దు. పైన ఎంత మంచి డ్రెస్సున్నా, లోపల పాలిస్టర్ ఉంటే మధ్యాహ్నానికి ప్రాణం విసిగిపోతుంది.

పైబట్ట దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. కొట్లో బ్రొకేడ్ చూడగానే రాజసం అనిపిస్తుంది. కానీ ఆ పాలిస్టర్ బ్రొకేడ్‌కి గాలి ఆడదు, దాని మెరుపు ఎండలో ప్లాస్టిక్‌లా కొడుతుంది. సోఫా గుడ్డ అయితే వెనకాల రబ్బరు పూత కూడా ఉంటుంది, అది రెయిన్‌కోటు తొడుక్కున్నట్టే. టెక్సస్ అక్టోబరులో మధ్యాహ్నం 30 డిగ్రీలు దాటడం మామూలే. ఇక్కడికి కాస్త బరువైన ముదురు రంగు లినెన్ అన్నిటికంటే మేలు. చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు పల్చటి ఉన్ని బట్ట కొనండి. ఆ కాలానికి అసలైన బట్ట ఉన్నే, కుచ్చులు కూడా దానిలో పడ్డట్టు ఇంకెందులోనూ పడవు. రంగుల్లో ఇటుక ఎరుపు, ముదురు నీలం, ఆవపువ్వు పసుపు, ఆకుపచ్చ, గోధుమ అన్నీ నడుస్తాయి. మంజిష్ఠ లాంటి వేళ్ల నుంచీ వోడ్, వెల్డ్ అనే మొక్కల నుంచీ వాళ్లు తీసిన రంగులకి ఇవి దగ్గర. ఊదా జోలికి పోవద్దు.

కలంకారీ వాడొచ్చా అని కనీసం ముగ్గురు అడిగారు. మన బందరు అద్దకాలు తర్వాత యూరప్‌ని ఊపేసిన మాట నిజమే, అది చెప్పుకోవడం నాకూ ఇష్టమే. కానీ ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో అడుగుపెట్టింది 1611లో, ఎలిజబెత్ పోయిన ఎనిమిదేళ్లకి. అందుకని ఈ కర్టిల్‌కి కాదు. 18వ శతాబ్దపు గౌను ఎప్పుడైనా కుడితే అప్పుడు కలంకారీ తియ్యండి, దానికి అంతకన్నా సరైన బట్ట దొరకదు.

ముందు భాగం మూసే పద్ధతికి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. కొట్లో దొరికే లోహపు రింగులు 19వ శతాబ్దపువి, దూరం నుంచే కనబడిపోతాయి. దారంతో చేతి కాజా రంధ్రాలు కుడితే చాలా అందంగా ఉంటుంది, కానీ ఒక్కోటి నాకు పావుగంట పడుతుంది, ఒక డ్రెస్సుకి ఇరవై పైనే కావాలి. టైం లేకపోతే రవికకి కుట్టే హుక్కులే కుట్టేయండి. ట్యూడర్ల కాలంలోనూ, అంటే ఈ హెన్రీ, ఎలిజబెత్‌ల రోజుల్లోనూ, హుక్కులూ కొక్కీలూ వాడారు, ఇందులో మోసం ఏమీ లేదు. అంగుళానికొకటి దగ్గరగా కుట్టాలి. తాడుతో బిగించేవాళ్లు ఒకే తాడుని మెలిక తిరుగుతున్నట్టు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి లాగండి. బూటు లేసులా అడ్డదిడ్డంగా దాటించడం ఆ కాలపు పద్ధతి కాదు. ఛాతీ దగ్గర నిలబడటానికి లోపల పెట్టే పుల్లలకి హార్డ్‌వేర్ షాపులో దొరికే వెడల్పాటి కేబుల్ టైలు చాలు. కత్తిరించి, కొసలు గుండ్రంగా అరగదీసి గొట్టాల్లోకి దూర్చడమే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. అంచుకి ఏం వెయ్యాలి?

నా మొదటి ఓటు పట్టీలకే. ఇంగ్లీషులో వీటిని గార్డ్స్ అనేవారు: బట్టనే పట్టీలుగా కత్తిరించి, మెడ చుట్టూ, ముందు నిలువునా, లంగా అడుగునా కుట్టేవారు. పేరులో ఉన్నట్టే అవి అంచుకి కాపలా, నేలకి రాసుకున్నప్పుడు అరిగేది పట్టీయే, లంగా కాదు. పేదవాళ్లు ఉన్ని పట్టీ వేసుకున్నారు, గొప్పవాళ్లు మఖమల్ వేసుకున్నారు. ఫ్లోరెన్స్ డచెస్ ఎలియనోరాని 1562లో ఏ దుస్తులతో సమాధి చేశారో వాటి అవశేషాలు అక్కడి పిట్టి ప్యాలెస్‌లో ఉన్నాయి. శాటిన్ గౌను మీద బుటా పనిచేసిన మఖమల్ పట్టీలే దాని అలంకారం. డచెస్‌కి సరిపోయిన ఉపాయం మనకి చాలదా?

పైగా ఖర్చు తక్కువ. 44 అంగుళాల పన్నా కాటన్ వెల్వెటీన్, అంటే నూలు మఖమల్, అర గజం కొనండి. అంటే 18 అంగుళాలు. మూడేసి అంగుళాల పట్టీలు ఆరొస్తాయి, కలిపితే 264 అంగుళాలు, ఏడు గజాల పైమాట. రెండు పక్కలా అర అంగుళం మడిస్తే రెండంగుళాల పట్టీ తయారు. మూడు గజాల చుట్టుకొలత ఉన్న లంగా అడుగున ఒక వరస పోగా మెడకీ ముందుకీ ఇంకా మిగులుతుంది. మఖమల్‌తో ఒకటే జాగ్రత్త: దాని నూగుకి ఒక దిక్కుంటుంది. వేలితో నిమిరితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుగ్గా తగులుతుంది. అన్ని ముక్కలూ ఒకే దిక్కుకి పెట్టకపోతే అతుకు దగ్గర రంగు మారినట్టు కనిపిస్తుంది. ఇస్త్రీ తిన్నగా పైన పెట్టకూడదు. టవల్ మీద నూగు కిందికి వచ్చేలా బోర్లా పరిచి, వెనక నుంచి ఆవిరి పట్టాలి. మిషన్ పాదం కింద మఖమల్ జారిపోయి ముడతలు పడుతుంది, అందుకని చేతి కుట్టే. గుండుసూదులు మచ్చలు వదులుతాయి, టాకాలు వేసుకోండి. మడతలోంచి సూది వచ్చి, లంగా బట్టలో రెండు పోగులు మాత్రం ఎత్తి, మళ్లీ మడతలోకి వెళ్లాలి. దారం లాగగానే కుట్టు నూగులో మునిగిపోయి మాయమవుతుంది. మూడు గజాలకి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఆ సాయంత్రం ఎంత ప్రశాంతంగా గడిచిందో చెప్పలేను.

రెండోది కొట్లో గజాల లెక్కన దొరికే అల్లిక లేసు. తొందరలో ఉన్నవాళ్లకి ఇది ఆదుకుంటుంది. కానీ కొనేటప్పుడు దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి చూడండి. గిల్టు తళతళలాడేది వదిలేసి కాస్త మసకగా ఉన్నది ఎంచుకోండి. రంగురంగుల పూల రిబ్బన్లు కుడితే పట్నం ఇల్లాలు కాస్తా ఆల్ప్స్ కొండల జానపద నృత్యం వేషంలోకి మారిపోతుంది. వెడల్పాటిది ఒక వరస వేసే బదులు, అర అంగుళానిది రెండు వరసలు మధ్యలో వేలెడు ఖాళీ వదిలి కుట్టండి. ఎప్పుడూ అదే బావుంటుంది. ఒక్క లంగాకే ఆరు గజాలు పడుతుంది, పైభాగంతో కలిపి తొమ్మిది పది గజాలు. మంచి లేసు అంత కొనేసరికి బట్ట ధరని మించిపోవచ్చు, లెక్క వేసుకుని వెళ్లండి.

మూడోది మనింట్లోనే ఉంది. పట్టుచీర అంచు. చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంచులు రెండు. అంటే పదకొండు మీటర్లు, దాదాపు పన్నెండు గజాల జరీ పట్టీ ఒక్క చీరలో ఉంటుంది. ఇది చూడటానికి బావుంటుందనే కాదు, పద్ధతి ప్రకారమూ నప్పుతుంది. ఆ కాలపు యూరప్ బంగారు దారమంటే పట్టు దారం చుట్టూ బంగారు పూత పూసిన సన్నటి వెండి రేకు చుట్టినదే. మన అసలు జరీ అల్లికా అదే. ఎక్కడో టెక్సస్‌లో కూర్చుని ఇంగ్లండ్ వేషానికి అమ్మ చీర అంచు ఇంత సరిగ్గా అమరడం నాకు ప్రతిసారీ సంతోషంగా ఉంటుంది.

అయితే ఏ అంచు పడితే ఆ అంచు పనికిరాదు. నెమళ్లు, ఏనుగులు, హంసలు, మామిడిపిందెలు ఉన్నవి దూరం నుంచే చీర అని చెప్పేస్తాయి. అడ్డగీతలు, గళ్లు, సాదా జరీ ఉన్నవి తీసుకోండి. మంగళగిరి నిజాం అంచు లాంటివి చక్కగా ఒదుగుతాయి. అసలు జరీకి బదులు వాడే చవక రకం, టెస్టెడ్ జరీ, కొత్తదైతే మరీ మెరుస్తుంది, పాతబడ్డ జరీకే సరైన కాంతి. కట్టుకోదగ్గ చీరని మాత్రం కొయ్యకండి, నేను దానికి ఒప్పుకోను. మడతల దగ్గర పట్టు చిట్లిపోయి బీరువాలో పడి ఉన్న చీర ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది, అదే తియ్యండి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. నా మొదటి కర్టిల్‌కి లినెన్ తడపకుండా కత్తిరించి, అడుగున జరీ అంచు మిషన్ మీద కుట్టేశాను. ఫెయిర్‌కి వేసుకెళ్తే అందరూ మెచ్చుకున్నారు. బురద పట్టిందని ఇంటికొచ్చి ఉతికాను. లినెన్ కుంచించుకుపోయింది, జరీ అంచు కుంచించుకోలేదు. లంగా అడుగంతా వేయించిన అప్పడంలా లేచి నిలబడింది. మూడు గజాల కుట్టు విప్పి, అంచుని మళ్లీ కొలిచి, అతుకు దగ్గర నాలుగంగుళాలు కోసి కుట్టుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి ఏ బట్టయినా కత్తెర పెట్టకముందు వేడినీళ్లలో రెండుసార్లు ఉతుకుతాను. జరీని అసలు ఉతకను. తీసేయడానికి వీలుగా పెద్ద చేతి కుట్లతో కుడతాను, ఉతికేముందు విప్పేస్తాను.

కాటన్ లేసులు, అంటే తెల్ల క్రోషియా లాంటివి, షిఫ్ట్ మెడకీ చేతులకీ సన్నగా వెయ్యవచ్చు. పైలంగా మీదికి రానివ్వకండి. దానికన్నా నల్లదారంతో ముంజేతి పట్టీ మీద సన్నటి గీతల డిజైన్ కుట్టండి. ఆ బ్లాక్‌వర్క్ కుట్టుకి చిత్రకారుడు హోల్బైన్ పేరే పెట్టారు, ఆయన గీసిన మనుషుల చేతుల మీద అంత వివరంగా కనబడుతుంది కాబట్టి. మగ్గం వర్క్ దొరసాని వేషానికి దాచుకోండి, అప్పుడు కూడా ముత్యాలు, జర్దోసీ సరే, అద్దాలు, కుందన్లు వద్దు. రఫ్ ఈ ఏడాదికి మానేయడమే మంచిది. 1564లో ఫ్లాండర్స్ నుంచి వచ్చిన డింగెన్ అనే ఆవిడ లండన్ ఆడవాళ్లకి డబ్బు తీసుకుని గంజి పెట్టడం నేర్పిందట. అంటే అది నేర్చుకోవాల్సిన విద్యే. గంజి మనకి కొత్త కాదు గానీ, వందల మడతలకి గంజి పెట్టి నిలబెట్టడం వేరే పని.

ఏది ఎంచుకున్నా ఎక్కువచోట్ల వెయ్యకండి. చదరపు మెడ చుట్టూ, ముందు మూసే చోట రెండు పక్కలా, లంగా అడుగున. ఈ మూడు చాలు. అడుగున వెడల్పుగా, పైకి వచ్చేకొద్దీ సన్నగా ఉండాలి. ఆ కాలపు చదరపు మెడ మనకొక వరం. జరీ అంచు వంపు తిరగదు గానీ, మూల దగ్గర ఏటవాలుగా మడిస్తే చక్కగా కూర్చుంటుంది. వేడి జిగురు గన్‌తో అంటించే ఆలోచన ఉంటే మానుకోండి, ఎండకి అది ఊడిపోతుంది.

పని వరసలో ఒక కిటుకుంది. లంగాని దీర్ఘచతురస్రపు ముక్కలతోనే చేసుకోండి. అవి బల్ల మీద పరిచి ఉండగానే అడుగు మడిచి, అంచు కుట్టేయండి. కుచ్చులు ఆ తర్వాత. పొడవు సరిచేయడం అడుగున కాకుండా నడుం దగ్గర చేసుకోండి, అదనపు బట్ట లోపలికి మడిచి దాని మీదే కుచ్చులు పెట్టవచ్చు. ఇలా చేస్తే పది కిలోల బట్టని ఒళ్లో వేసుకుని అంచు కుట్టే తిప్పలు ఉండవు, అంచూ తిన్నగా వస్తుంది. అడుగు చీలమండ దగ్గర ఆగిపోవాలి. టాడ్ మిషన్‌లో వాన పడితే బురద, పడకపోతే దుమ్ము.

మా అక్క కూతురు చివరికి ముదురు నీలం లినెన్‌కి ఒప్పుకుంది. రాణీగారి వేషం వచ్చే ఏడాదికి వాయిదా వేసుకుంది. మెడకి నల్ల మఖమల్, అడుగున జరీ అంటోంది. మా అక్క హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లతో ఒక గద్వాల చీర పంపింది, కుచ్చిళ్ల దగ్గర అంతా పోయింది గానీ అంచు చెక్కు చెదరలేదు. గద్వాలలో ఒంటిభాగానికీ అంచుకీ వేరువేరు పోగులు వాడి, నేసేటప్పుడే పోగుల్లో పోగులు వేసి కలుపుతారు. సరిగ్గా ఆ అతుకు మీద కోస్తే విడిపోతుంది. అందుకని ఒంటిబట్ట అంగుళం వదిలి సుద్దతో గీత గీసి ఉంచాను. లినెన్ రెండోసారి ఉతికి తీగ మీద ఆరుతోంది. అది ఆరాక శనివారం పిల్ల వస్తుంది, కత్తెర తన చేతికే ఇస్తాను.